అర్‌బ్రోత్ స్మోకీ: ఎండ లేని ఊళ్ళో పొగ పెట్టిన చేప

సెప్టెంబరు ఆఖర్లో పది రోజులు స్కాట్లాండ్‌లో ఉన్నాం, నేనూ మా ఆవిడా. మా బావమరిది డండీలో చదువుకుంటున్నాడు, వాడి ఫ్లాటే మాకు మకాం. బయల్దేరే ముందు తెలిసినవాళ్ళందరిదీ ఒకటే మాట, అక్కడ తిండి చప్పగా ఉంటుంది, పచ్చళ్ళూ పొడులూ పట్టుకెళ్ళండి అని. పట్టుకెళ్ళాం, ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి. పది రోజుల్లో ఆవకాయ సీసా మూత మేం తీసింది రెండుసార్లు, మిగతాదంతా మా బావమరిది ఖాతా. ఆ తిండి చప్పగా ఉంటుందన్న మాట తప్పు. కారం ఉండదు, నిజమే. కానీ కారం లేకపోవడం వేరు, రుచి లేకపోవడం వేరు. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఒక చేప, దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి మధ్యలో వస్తాయి.

డండీ నుంచి అర్‌బ్రోత్ రైల్లో ఇరవై నిమిషాలు. సముద్రం పక్కనే వెళ్తుంది బండి, కుడివైపు కూర్చోండి. స్టేషన్‌లో దిగి కిందకి నడుచుకుంటూ వెళ్తే ఊరంతా ఎర్రరాతి ఇళ్ళు, మధ్యలో అదే ఎర్రరాతితో కట్టిన పాత మఠం శిథిలాలు కనిపిస్తాయి. 1320లో స్కాట్లాండ్ పెద్దలు మా దేశం మాది అని కేథలిక్ మతగురువు పోప్‌కి పంపిన ప్రసిద్ధమైన లేఖ ఈ ఊరి పేరుతోనే చెలామణీ అవుతుంది. మేం మఠం తర్వాత చూద్దాంలే అని నేరుగా హార్బర్ వైపు నడిచాం, ఎందుకంటే అప్పటికే పొగ వాసన వస్తోంది. మామూలు కట్టెల పొయ్యి పొగ కాదు. ఊళ్ళో పెళ్ళివంటలప్పుడు పెరట్లో వచ్చే పొగలాగే ఉంటుంది గానీ అందులో ఉప్పు, చేప నూనె కలిసి ఉంటాయి. ఆ వాసన పట్టుకుని వెళ్తే చాలు, బోర్డులు చదవక్కర్లేదు.

హార్బర్ చుట్టుపక్కల సందుల్లో కుటుంబాలు నడుపుకునే చిన్న చిన్న స్మోక్‌హౌస్‌లు ఉన్నాయి. ముందు గదిలో కౌంటర్, వెనక పొగ గది. మేం వెళ్ళినచోట కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ మా ఆవిణ్ణి చూసి 'హెన్' అని పిలిచింది. మా ఆవిడ ముఖం ఒక్క క్షణం మారిపోయింది, కోడి అంటుందేమిటి అని. మా బావమరిది చెవిలో చెప్పాడు, 'అక్కా, మనం తల్లీ అంటాం చూడు, అలాగన్నమాట' అని. ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ ఎవరైనా హెన్ అంటే ఆవిడ సంబరంగానే నవ్వింది.

స్మోకీ అంటే హాడక్ అనే చేప. మన వైపు దొరకదు, చల్లటి సముద్రాల్లో ఉండేది, తెల్లటి కండ, పెద్దగా ముళ్ళుండవు. తల తీసి, లోపల శుభ్రం చేసి, కొంతసేపు ఉప్పులో ఉంచుతారు. ఉప్పు నీళ్ళని లాగేస్తుంది, కండ గట్టిపడుతుంది. తర్వాత ఒకే సైజువి రెండు తీసుకుని తోకలు కలిపి జనపనార దారంతో కట్టి, కర్రకి అటొకటి ఇటొకటి వేలాడేస్తారు. అందుకే స్మోకీలు మామూలుగా జంటగానే అమ్ముతారు. ఆ కర్రలన్నీ కాస్త ఆరాక కింద గట్టి కర్రల నిప్పు ఉన్న గొయ్యి మీదో, పీపా మీదో వరసగా పెట్టి పైన తడి గోనెపట్టాలు కప్పేస్తారు. నిప్పు వేడీ, పొగా, తడి గోనె నుంచి వచ్చే ఆవిరీ మూడూ కలిసి చేపని ఒకేసారి ఉడికించి పొగ పట్టిస్తాయి. మంట పెరిగితే గోనె ఇంకో పొర వేస్తారు, తగ్గితే తీస్తారు. థర్మామీటర్ కంటే అనుభవమే ఎక్కువ పనిచేసే వంట ఇది. గంటకి అటూ ఇటూగా అయిపోతుంది. బయటికి తీసేసరికి తెల్లగా ఉన్న చేప రాగి చెంబు రంగులోకి వచ్చేస్తుంది.

ఆ జనపనార దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. డండీ అంటేనే ఒకప్పుడు జనపనార మిల్లుల ఊరు, బెంగాల్ నుంచి నార ఓడల్లో వచ్చేది, ఇక్కడ గోనెలు నేసేవాళ్ళు. మన భీమిలి పేరు మీద బిమ్లిపటం జూట్ అని గోగునారకి కూడా ప్రపంచ మార్కెట్లో ఒక పేరుండేది. ఇప్పుడు ఆ మిల్లులు లేవు, ఈ చేప తోకకి కట్టిన మూరెడు దారం మాత్రం ఉంది.

ఇక తినడం. వేడిగా పొయ్యి మీంచి తీసినదే కావాలని అడగండి, దొరికితే అంతకంటే అదృష్టం లేదు. మాకు దొరికింది. కాగితంలో చుట్టి ఇచ్చారు, ఫోర్కులూ ప్లేట్లూ ఏమీ లేవు. హార్బర్ గోడ మీద కూర్చున్నాం, గాలి కొడుతోంది, కాగితం విప్పితే చేతులు కాలుతున్నాయి. పొట్టవైపు నుంచి బొటనవేళ్ళు పెట్టి పుస్తకం తెరిచినట్టు తెరిస్తే నడుం ముల్లు మొత్తం ఒక్క లాగుడికి ఊడొచ్చేస్తుంది. లోపల కండ ముత్యం రంగులో తడితడిగా మెరుస్తూ, పొరలు పొరలుగా విడిపోతుంది. పైపైన పొగ, లోపలికి వెళ్ళేకొద్దీ ఉప్పు తగ్గి తియ్యదనం. చర్మానికి అంటుకున్న పల్చటి గోధుమరంగు పొర ఉంటుంది చూడండి, అక్కడ రుచి అంతా కూడుకుని ఉంటుంది, దాన్ని వదిలెయ్యకండి, వేలితో గీక్కుని తినండి. నిమ్మకాయ కూడా పిండుకోలేదు మేం. మా ఆవిడ చేపల విషయంలో ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకోదు, పుట్టిల్లు ఉప్పాడ పక్కన, చిన్నప్పటి నుంచీ పడవ దిగిన చేప తిన్న మనిషి. సగం తిన్నాక, 'ఇందులో ఒక్క మసాలా గింజ లేదు కదూ' అంది. అంతే, మళ్ళీ మాట్లాడలేదు తినడం అయ్యేదాకా.

తిన్న తర్వాత ఆవిడే ఇంకో మాట అంది, అది నాకు ఈ ట్రిప్ మొత్తం గుర్తుండిపోయింది. మా వైపు పట్టిన చేప మిగిలితే ఇసక మీద ఎండేస్తాం, రెండు మూడు రోజుల్లో ఎండు నెత్తళ్ళు తయారు, వీళ్ళకి ఎండ ఎక్కడుంది, అందుకే పొగ పెట్టుకున్నారు అంది. మేం ఉన్న పది రోజుల్లో గట్టిగా ఎండ కాసింది రెండు రోజులు. ఆ ఒక్క మాట పట్టుకుంటే స్కాట్లాండ్ తిండి సగం అర్థమైపోతుంది. గోధుమకి సరిపడా వేడి లేని చోట ఓట్స్ పండించుకున్నారు, చేపని ఎండబెట్టలేని చోట పొగ పెట్టారు, మొలకెత్తిన బార్లీని ఆరబెట్టడానికి కట్టెలు కూడా దొరకని దీవుల్లో నేలలోంచి పీట్ అనే బొగ్గులాంటి మట్టి తవ్వి కాల్చారు. ఈ పొగ వాసనే మాకు తర్వాత సూపులోనూ కనిపించింది, విస్కీలోనూ కనిపించింది.

ఈ చేప పద్ధతి అర్‌బ్రోత్‌లో పుట్టింది కాదు, అక్కడికి ఐదు కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఉన్న ఆక్‌మిథీ అనే చిన్న జాలరిపల్లెది. ఒక ఇల్లు తగలబడితే లోపల పీపాల్లో ఉన్న చేపలు కాలిపోయాయనుకుని చూస్తే ఇంత రుచిగా ఉన్నాయట, అలా మొదలైందని కథ చెప్తారు. ఆ పల్లె జాలర్లు అర్‌బ్రోత్ హార్బర్‌కి మారినప్పుడు విద్య కూడా వాళ్ళతో వచ్చింది. 2004లో యూరోపియన్ యూనియన్ దీనికి భౌగోళిక రక్షణ ఇచ్చింది, ఊరి చుట్టూ 8 కిలోమీటర్ల లోపల పాత పద్ధతిలో చేస్తేనే అర్‌బ్రోత్ స్మోకీ అనాలి. మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ వచ్చింది కదా, అలాంటిదే. తేడా ఏంటంటే పూతరేకు హైదరాబాద్‌లో పెట్టె విప్పి తిన్నా బాగానే ఉంటుంది. స్మోకీ మాత్రం చల్లారాక, ప్యాక్ అయ్యాక వేరే వస్తువు. బాగుంటుంది, కానీ వేరే. ఎడిన్‌బరో సూపర్ మార్కెట్లో కొన్న ప్యాకెట్ తిని స్మోకీ ఇంతేనా అనుకునేవాళ్ళు దయచేసి ఒకసారి ఆ రైలెక్కండి.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి, మా జంట స్మోకీలకి అయింది ఎడిన్‌బరోలో ఒక మనిషి ఒక పూట భోజనంలో సగం కూడా లేదు. నా వరకు అయిదుకి అయిదు.

అక్కణ్ణుంచి వర్షం మొదలైంది, దగ్గర్లో ఉన్న కేఫ్‌లోకి దూరాం. బోర్డు మీద కల్లెన్ స్కింక్ అని ఉంది. ఉత్తరాన మోరే తీరంలో కల్లెన్ అనే ఊరుంది, ఆ ఊరి సూపు. పొగబెట్టిన హాడక్, బంగాళాదుంప, ఉల్లిపాయ, పాలు. పాలు అనగానే మా ఆవిడ వద్దంది. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందని మనిళ్ళలో పెద్దవాళ్ళు చెప్తారు కదా, అది చిన్నప్పుడే బుర్రలో పడిపోతుంది. నేను తెప్పించుకున్నాను. చిక్కగా, తెల్లగా, పైన చైవ్స్ అని ఉల్లికాడల్లాంటివి తరిగి చల్లారు, పక్కన మందంగా వెన్న రాసిన రొట్టె. పాలు పొగని మెత్తబరుస్తాయి, దుంప చిక్కదనం ఇస్తుంది, ఉల్లిపాయ కొంచెం తీపి ఇస్తుంది. నాలుగు సరుకులతో ఇంత నిండైన సూపు నేను తాగలేదు. పది నిమిషాలు చూసి మా ఆవిడ నా చెంచా తీసుకుంది. తర్వాత ఆ సూపు మా బల్ల మీదకి ఇంకో గిన్నె వచ్చింది.

ఇంట్లో చేసుకుందామనుకునేవాళ్ళకి ఒక మాట. స్మోకీది వేడి పొగ, ఉడికిపోయి ఉంటుంది, అలాగే తినేయొచ్చు. సూపులో మామూలుగా వేసేది చల్లటి పొగ పెట్టిన హాడక్, అబర్డీన్ దగ్గర ఫిండన్ అనే పల్లె పేరు మీద దాని పాత రకాన్ని ఫినన్ హాడీ అంటారు, అది పచ్చిదే, వండాల్సిందే. షాపులో పసుపు వేసినంత పచ్చగా మెరిసిపోతూ కనిపించేదానికి రంగు కలిపి ఉంటుంది. లేత గోధుమ వన్నెలో, కళ లేనట్టు కనపడేదే తీసుకోండి.

హగ్గిస్ సంగతికి వద్దాం, ఎందుకంటే ఫోన్ చేసిన ప్రతివాడూ మొదట అడిగింది అదే. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు సన్నగా కొట్టి, ఓట్స్, ఉల్లిపాయ, కొవ్వు, మిరియాలు కలిపి గొర్రె పొట్టలో కూరి ఉడికించేది. ఇప్పుడు ఎక్కువగా పొట్ట బదులు కృత్రిమ తొడుగు వాడుతున్నారు. బోటి కూర, తలకాయ మాంసం ఇష్టంగా తినే మనవాళ్ళు దీన్ని చూసి ముఖం తిప్పుకోవడం నాకు అర్థం కాదు. మొదటిసారి మేం తిన్నది ఎడిన్‌బరోలో, టూరిస్టులు కిటకిటలాడే వీధిలో ఒక రెస్టారెంట్‌లో, బాగా నిరాశపడ్డాం. అచ్చు పోసినట్టు మూడు రంగుల గుండ్రటి స్తంభం ఒకటి తెచ్చి పెట్టారు, మధ్యలో చల్లగా ఉంది, చెప్తే మైక్రోవేవ్‌లో పెట్టి తెచ్చారు, ఈసారి అంచులు ఎండిపోయాయి. బిల్లు మాత్రం బాగా ఘాటు.

నాలుగు రోజుల తర్వాత డండీలో, మా బావమరిది వాళ్ళు అప్పుడప్పుడూ వెళ్ళే ఒక పబ్‌లో మళ్ళీ తిన్నాం. ఈసారి వడ్డన పెద్ద అందంగా లేదు, పళ్ళెంలో మూడు కుప్పలు. నల్లగా పొడిపొడిగా హగ్గిస్, పసుపురంగు నీప్స్ అంటే స్వీడ్ దుంప ముద్ద, తెల్లగా టాటీస్ అంటే బంగాళాదుంప ముద్ద. ఆవిరి కక్కుతోంది. ఇక్కడ ఓట్స్ ఏం చేస్తాయో తెలిసింది నాకు. కొవ్వునంతా పీల్చుకుని, మాంసం రుచిని పట్టుకుని, నోట్లో గింజ గింజగా తగులుతాయి. పైగా మిరియాల ఘాటు బాగానే ఉంటుంది, మనకి హాయిగా నప్పుతుంది. మూడూ కలిపి ఒకే ముద్దలో తినాలి, విడివిడిగా తింటే నీప్స్ ఎందుకు పెట్టారో అర్థం కాదు. దాని తియ్యదనమే లివర్ చేదుని సర్దుతుంది. జనవరి 25న వాళ్ళ మహాకవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందులో ఈ హగ్గిస్‌ని బ్యాగ్‌పైపర్ ముందు నడుస్తుండగా మోసుకొచ్చి, దాని మీద ఆయన రాసిన పద్యం చదివి కోస్తారు. వంటకం మీద పద్యం రాసుకుని, దాన్ని రెండు వందల ఏళ్ళకి పైగా చదువుతూనే ఉన్న జాతి అంటే నాకు గౌరవం కలిగింది.

శాకాహారులు అధైర్యపడక్కర్లేదు. వెజిటేరియన్ హగ్గిస్ దాదాపు ప్రతిచోటా ఉంటుంది. మాక్స్వీన్ అనే ఎడిన్‌బరో కంపెనీ 1984లో మొదలుపెట్టింది, పప్పులు, బీన్స్, క్యారెట్, ఓట్స్, గింజలతో. నేను రుచి చూశాను, నిజంగా బాగుంది, మసాలా వడ పిండిని వేయించి పొడి చేసినట్టుంటుంది.

గొడ్డుమాంసం, పందిమాంసం తిననివాళ్ళు మాత్రం కొన్నిచోట్ల అడిగి తినాలి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి రాస్తున్నా. హగ్గిస్‌లో కొవ్వు చాలాసార్లు ఎద్దుదే అయ్యుంటుంది. పొద్దుటి టిఫిన్ ప్లేటులో వచ్చే చదరపు సాసేజ్ గొడ్డుమాంసం, లేదా పందీ గొడ్డూ కలిపినది. బ్లాక్ పుడింగ్ రక్తంతో చేసేది. ఫోర్ఫర్ బ్రైడీ అని కజ్జికాయ ఆకారంలో ఉండేదాని లోపల గొడ్డుమాంసం. అబర్డీన్ వైపు బటరీ అని ఉప్పటి పొరల రొట్టె ఉంటుంది, దానికి పందికొవ్వు వాడే అలవాటు పాతది. ఆఖరికి కొన్ని చేపల షాపుల్లో చిప్స్ కూడా ఎద్దుకొవ్వులో వేయిస్తారు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోలేదు, చక్కగా చెప్పారు, ఒకచోటయితే డబ్బా తెచ్చి లేబుల్ చూపించారు. మా ఆవిడ హాయిగా తిన్న టిఫిన్ ఏంటంటే టాటీ స్కోన్, బంగాళాదుంపా పిండీ కలిపి పెనం మీద కాల్చిన పల్చటి రొట్టె, దాని మీద గుడ్డు. మన ఆలూ పరాఠాకి దగ్గర చుట్టం.

చిప్పీల్లో, అంటే చేపలూ చిప్సూ అమ్మే షాపుల్లో, సప్పర్ అంటే రాత్రి భోజనం కాదు, చిప్స్‌తో కలిపి అని అర్థం. ఫిష్ సప్పర్ అంటే చేప, చిప్స్. ఎడిన్‌బరోలో సాల్ట్ అండ్ సాస్ అని అడుగుతారు, ఆ సాస్ పల్చగా, పుల్లగా, గోధుమరంగులో ఉంటుంది, చింతపండు రసం గుర్తొస్తుంది. గ్లాస్గోలో మాత్రం ఉప్పూ వెనిగరే. ఒక రోజు గ్లాస్గో వెళ్ళినప్పుడు చిప్పీ బోర్డు మీద పకోరా అని చూసి మా ఆవిడ ఆగిపోయింది. పంజాబీ కుటుంబాలు ఎప్పుడో తెచ్చిన పకోడీ అక్కడ ఊరి తిండి అయిపోయింది, గులాబీరంగు సాస్‌తో ఇస్తారు. హగ్గిస్ పకోడీ కూడా ఉంది. హగ్గిస్ అంటే భయపడే మనవాళ్ళకి అదే మొదటి మెట్టు.

తాగేవాటిలో ముందు ఐర్న్ బ్రూ. బార్ అనే కంపెనీ 1901 నుంచీ చేస్తున్న నారింజరంగు సోడా, స్కాట్లాండ్ పిల్లల ప్రాణం. 2018లో చక్కెర సగానికి పైగా తగ్గించారు, జనం గోల పెట్టారు. నాకు చిన్నప్పటి గోళీసోడా కొట్టు దగ్గర రంగునీళ్ళ రుచి గుర్తొచ్చింది. ఒకసారి తాగొచ్చు. మంచినీళ్ళు కొనక్కర్లేదు, కుళాయి నీళ్ళు చాలా బాగుంటాయి, మద్యం లైసెన్సున్న హోటళ్ళలో అడిగితే ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది.

విస్కీ కోసం పిట్లాక్రీ వెళ్ళాం, పెర్త్‌లో రైలు మారాలి. కారు వద్దనుకున్నది కావాలనే, స్కాట్లాండ్‌లో తాగి నడిపేవాళ్ళ మీద చట్టం ఇంగ్లండ్ కంటే గట్టిగా ఉంటుంది, 2014 డిసెంబరు నుంచీ 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే హద్దు. ఊరి చివర 1798 నాటి బ్లెయిర్ ఆథల్ డిస్టిలరీ, రాతి గోడల నిండా తీగ అల్లుకుని ఆకులు ఎర్రబడుతున్నాయి. మా ఆవిడ మందు ముట్టదు, టూర్‌కి మాత్రం వచ్చింది, చివరికి ఆవిడకే ఎక్కువ అర్థమైంది. బార్లీ నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు అని చెప్తుంటే, 'రాగి మాల్ట్‌కి మనం చేసేది ఇదేగా' అంది. అదే. మొలక వచ్చినప్పుడు గింజలో పిండి చక్కెరగా మారే పని మొదలవుతుంది, దాన్ని వేడితో ఆపి, పిండి చేసి, వేడినీళ్ళు పోసి ఆ తీపంతా దింపి, ఈస్ట్ వేసి పులియబెడతారు. ఆ తొట్ల గదిలో మూత తీస్తే వచ్చిన ఘాటు సరిగ్గా ఎండెక్కాక కల్లుకుండ దగ్గర వచ్చేదే. తర్వాత రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో పోసి దాస్తారు. కనీసం 3 ఏళ్ళు స్కాట్లాండ్ గడ్డ మీద పీపాలో ఉంటేనే దాన్ని స్కాచ్ అనాలి, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. పీపాల్లోంచి ఏటా రెండు శాతం దాకా గాల్లోకి ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. ఆ గోదాములో నిలబడి పీల్చితే ఎండుద్రాక్ష, తడి చెక్క, కొంచెం వనిల్లా వాసన. మనూళ్ళో స్కాచ్ అంటే డబ్బాతో సహా బీరువాలో దాచుకునే హోదా. ఇక్కడ చూస్తే అది నీళ్ళూ గింజలూ ఓపికా కలిసిన వ్యవసాయపు సరుకు, అలా చూశాక నాకు దాని మీద ఇష్టం పెరిగింది.

అయితే నా మనసు దోచింది డండీ పబ్‌లో తాగిన ఐలా దీవి విస్కీ, లాగవూలిన్ 16. Islay అనే స్పెల్లింగ్ చూసి ఇస్లే అనకండి. ఆ దీవిలో చెట్లు తక్కువ, వేల ఏళ్ళుగా గడ్డీ నాచూ కుళ్ళి గట్టిపడిన పీట్ మాత్రం ఎంత కావాలంటే అంత. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి కాలుస్తారు, ఆ పొగ తడి బార్లీకి పట్టేస్తుంది, అన్ని ఏళ్ళు పీపాలో ఉన్నా పోదు. మొదటి గుక్కకి ఆసుపత్రి అయొడిన్ వాసనలా కొట్టింది. బార్‌లో ఉన్నాయన చిన్న కూజాతో నీళ్ళిచ్చి నాలుగు చుక్కలు వేసుకోమన్నాడు. వేసుకున్నాక ఘాటు కిందకి దిగి, తీపి పైకి తేలింది, దాని వెనకాల పొగ. గ్లాసు మా ఆవిడ ముక్కు దగ్గర పెడితే వాసన చూసి 'హార్బర్' అంది.

సోడా, ఐస్, మిక్చర్ పొట్లం పద్ధతి ఇక్కడ పక్కన పెట్టండి. ఒక్క పెగ్గు, గంటసేపు.

ఒక కష్టం కూడా చెప్పాలి. చిన్న ఊళ్ళలో వంటిళ్ళు తొందరగా మూసేస్తారు. పిట్లాక్రీలో ఆ రాత్రి అక్కడే ఆగాం, తొమ్మిదింటికి తీరిగ్గా భోజనానికి బయల్దేరితే మూడు చోట్ల కిచెన్ క్లోజ్ అన్నారు, నవ్వుతూనే అన్నారు గానీ లేదంటే లేదు. మనం ఎనిమిదిన్నర తర్వాతే ఆకలి గురించి ఆలోచించేవాళ్ళం కదా, ఈ విషయంలో బాగా టెన్షన్ పడ్డాం. షాపుల్లో మద్యం కూడా పొద్దున్న పదింటి నుంచి రాత్రి పదింటి దాకానే. చివరికి ఓట్‌కేకులు, చెడ్డార్ చీజ్, ఒక టాబ్లెట్ ముక్క కొనుక్కుని గదికి వచ్చాం. ఓట్‌కేక్ అంటే కేక్ కాదు, కరకరలాడే చిన్న రొట్టె, కటక జొన్నరొట్టె విరిచినట్టుంటుంది, ఉప్పగా. టాబ్లెట్ మందుబిళ్ళ కాదు, చక్కెర, వెన్న, పాలు దగ్గరగా కాచి పోసిన బిళ్ళ. నోట్లో వేసుకోగానే ఇసకలా విడిపోయి కరిగిపోయింది, ఇద్దరం ఒకేసారి పాలకోవా అన్నాం.

పొద్దున్న ఆ లాడ్జి ఆవిడ ఇచ్చిన పారిజ్, అంటే ఓట్స్ జావ, సంగతి చెప్పకపోతే ఈ ఓట్స్ ముచ్చట పూర్తి కాదు. మనిళ్ళలో ఓట్స్ అంటే డాక్టర్ రాసిచ్చిన శిక్ష. ఇక్కడ ముతక ఓట్స్, నీళ్ళు, ఉప్పు, అంతే, స్పర్టిల్ అనే గుండ్రటి కర్రతో ఆపకుండా కలుపుతారు, కవ్వానికి రెక్కలు తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందా కర్ర. కార్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో 1994 నుంచీ ప్రపంచ పారిజ్ పోటీలు జరుగుతున్నాయి, గెలిచినవాళ్ళకి బంగారు స్పర్టిల్ బహుమతి. చక్కెర వేసుకోకుండా ఉప్పుతోనే తినండి, అంచున చల్లటి పాలు పోసుకుని. మా నాయనమ్మ పోసే చోడిజావే అది, గింజ మారింది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు మా ఆవిడ మళ్ళీ అర్‌బ్రోత్ వెళ్దామంది. ఈసారి రెండు జతలు కొన్నాం, ఒకటి గోడ మీద కూర్చుని తిన్నాం, ఒకటి డండీకి తెచ్చాం. ఫ్లాట్‌లో చేపని వేళ్ళతో పొడిపొడిగా విడదీసి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు పొడి వేసి వేయించింది. ఉప్పు వెయ్యలేదు, చేపలో ఉన్నదే సరిపోయింది. వేడన్నంలో కలిపితే ముందు పచ్చిమిర్చి తగిలింది, ఆ తర్వాత మెల్లగా పొగ వచ్చింది. మా బావమరిది రూమ్మేట్లు ఇద్దరు, గుంటూరు అబ్బాయి ఒకడు, కరీంనగర్ అబ్బాయి ఒకడు, వాసనకి వంటింట్లోకి వచ్చారు. ఆ ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ఏడాదిగా ఉంటున్నారు, ఎప్పుడూ వెళ్ళలేదట. 'బావా, రైలు ఎన్నింటికి?' అని గుంటూరు అబ్బాయి అక్కడే ఫోన్ తీశాడు. వెళ్ళేవాళ్ళు సాయంత్రం దాకా ఆగకండి, మధ్యాహ్నం లోపే వెళ్ళండి, వేడివి అప్పుడే దొరికాయి మాకు. ఒక జతతో సరిపెట్టుకోవద్దు, మనిషికి ఒక జత లెక్క వేసుకోండి.